ఎడమ మోకాలు

సీహౌసెస్ రేవులో ఏప్రిల్ నెలని
ఆగస్టు అని నమ్మించడం మా ఉద్యోగం.
అందులో నా వాటా మరీ చిన్నది:
కుర్రాడి మోకాలికి అంటించిన ప్లాస్టరు
నిన్నటిలాగే ఎడమ కాలికి ఉందో లేదో చూడటం.

నీలం అట్ట పుస్తకం, దారం కట్టిన పెన్సిలు,
మెడలో స్టాప్‌వాచీ.
నలభై రెండో దృశ్యం. లినెట్ జడ తడి, కుడి భుజం మీద.
బకెట్లో పీతలు నాలుగు, ఒకటి చచ్చింది.
నాన్న చొక్కాకి రెండో గుండీ లేదు.
ఆకాశం అన్న చోట మాత్రం ఖాళీ వదిలేదాన్ని.
పెన్సిలు చెక్కేలోపు అది వేరే ఆకాశం.

పిల్లలు సెలవులిచ్చినట్టు కేకలేస్తూ
నీళ్లలోకి దూకేవారు.
"కట్" వినగానే నీలి పెదాలతో
నా దుప్పట్లోకి దూరేవారు.
మాట్లాడితే నోట్లోంచి ఆవిరి కనబడుతుందని
టేకుకి ముందు ఐసుముక్కలు చప్పరించమనేవాళ్లం.
వేసవి అలా తయారయ్యేది.
ఆ పళ్ల టకటక తన హెడ్‌ఫోన్లో
మోటారు పడవలా మోగుతోందని
సౌండు మనిషి విసుక్కునేవాడు.

కుక్క ఒకటి కాదు, మూడు.
ఈదేది ఒకటి, మొరిగేది ఒకటి,
ఊరికే అందంగా కూర్చునేది ఒకటి.
అమ్మకీ నాన్నకీ పడదు. ఆయన పైపు పొగకి ఆమెకు దగ్గు.
భోజనాల వేళ చెరో కారవాన్.
ఒకనాడు పాచి పట్టిన మెట్ల మీద ఆమె జారితే
ఆయన చెయ్యి పట్టుకున్నాడు, స్క్రిప్టులో లేదు.
డైరెక్టరు ఉంచేశాడు.
ఏ చెయ్యో రాసుకున్నాను.
ఆ తర్వాత ఆరుసార్లు పట్టుకోవాల్సి వచ్చింది,
ఆరుసార్లూ అదే చెయ్యి,
ఒక్కసారీ అలా కుదరలేదు.

పడవ అద్దెకిచ్చిన ముసలి షీల్
నా పుస్తకం చూసి పడీపడీ నవ్వేవాడు:
"అమ్మాయ్, నిన్నటి కెరటాన్ని తెచ్చి
ఇవాళ ఎక్కడ పెట్టమంటావు?"
పొద్దున పిల్లలు నడుంలోతులో నిలబడ్డ రాయి
టీ తాగి వచ్చేసరికి పొడిగా, నత్తలతో,
మమ్మల్నెవర్నీ ఎరగనట్టు.

పదకొండో వారానికి ఎయిడన్ పెరిగిపోయాడు.
అంగుళంన్నర.
చెల్లెలి పక్కన వాడి ఎత్తు మారకూడదు కదా,
ఇసుకలో గొయ్యి తవ్వి వాణ్ణి అందులో దించాం.
మడమల దాకా నీరు ఊరింది.
"పెరగడం నా తప్పా?" అన్నాడు,
అప్పుడప్పుడే బొంగురుపోతున్న గొంతుతో.
"గొంతు" అని ఒక గడి గీసి ఊరుకున్నాను.

చివరి రోజు రాళ్ల మీద పడ్డాడు, నిజంగానే.
కుడి మోకాలు. చిప్ప తెల్లగా కనబడేంత లోతు.
వెలుతురింకా ఇరవై నిమిషాలే ఉంది.
అందరూ నా వైపు చూశారు.
పుస్తకం తిప్పి చెప్పాను: ఎడమ.
మేకప్ పిల్ల కుడి కాలికి పౌడరద్ది, మళ్లీ అద్ది,
ఏ దెబ్బా లేని ఎడమ కాలికి
కొత్త ప్లాస్టరు అంటించింది.
వాడు పరిగెత్తాడు. నవ్వుతూ పరిగెత్తాడు,
మొరిగే కుక్క వెంట, ఆగస్టు లోకి.
ఒకే టేకు.
ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లమ్మ
చప్పట్లు కొట్టింది. ఆమెకింకా తెలీదు.

కొన్నేళ్లకి ఆఫీసు నుంచి జాబు:
టేపుల ఖరీదు పెరిగింది, నిల్వకి చోటు లేదు,
మీ పదమూడు భాగాల మీద
కుస్తీ పోటీలు రికార్డు చేసుకున్నాం.

బీరువాలో పుస్తకం ఉంది.
పేజీలు తిప్పితే మడతల్లోంచి ఇప్పటికీ ఇసుక రాలుతుంది.
గుండీలు, జడలు, పీతలు, పట్టుకున్న చెయ్యి,
అన్నీ ఉన్న చోటే ఉన్నాయి.
చివరి పుటలో నా చేతిరాత, గుండ్రంగా:
ప్లాస్టరు ఎడమ మోకాలికి. సరిపోయింది.

కుడి మోకాలు ఎక్కడా లేదు.